వోచరు లేని పద్దు: ఊపిరితిత్తుల వైద్యులకు ఒక కూతురి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఊపిరితిత్తుల వైద్యులకు, మమ్మల్ని మీ దగ్గరికి పంపే జనరల్ డాక్టర్లకు,

నమస్కారం.

చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, విషయం ముందే చెప్పేస్తాను. మా అమ్మకి 79 ఏళ్ళు. రెండున్నరేళ్ళపాటు ఆవిడ ఫైలు మీద సీఓపీడీ అని, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా బయటికి పోనివ్వని దీర్ఘకాలపు జబ్బు అని, రాసి ఉంది. ఆ జబ్బు ఆవిడకి లేదు. ఉన్నది వేరే జబ్బు. దాని కారణం మా ఇంట్లోనే, మందుల సంచిలోనే ఉంది. రోజూ రాత్రి భోజనమయ్యాక గుర్తుపెట్టుకుని మరీ ఆ కారణాన్ని అమ్మ చేతిలో పెట్టి, మంచినీళ్ళ గ్లాసు అందించింది నేనే.

ఎవరి పేరూ రాయను. అమ్మని చూసినవాళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకాయనైతే తన కుర్చీలోంచి లేచి, అమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మందాకా నడిపించుకొచ్చారు. అయినా రెండున్నరేళ్ళు పోయాయి. ఎలా పోయాయో బల్లకి ఇవతలి వైపు నుంచి చెబుదామని ఈ ఉత్తరం.

మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మ బాధ ఇంత: మెట్లెక్కితే ఆయాసం, పొడిదగ్గు, ఒకటే నీరసం. డాక్టర్ గారు ఛాతీ ముందువైపు రెండుచోట్ల స్టెత్ పెట్టారు, బట్టల మీదుగానే. ఎక్స్‌రే తీయించారు. రిపోర్టులో ‘బ్రాంకోవాస్కులర్ మార్కింగ్స్ ప్రామినెంట్‌గా ఉన్నాయి’ అన్న వాక్యం ఒకటి ఉంది, అంటే ఊపిరి గొట్టాల, రక్తనాళాల గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయని. ఆ వాక్యం ఎంతమంది పెద్దవాళ్ళ ఎక్స్‌రేల మీద ఉంటుందో, దాన్నిబట్టి ఏ జబ్బూ తేలదనీ మీకు నాకంటే బాగా తెలుసు. సిగరెట్ అలవాటుందా అని అడిగారు. లేదన్నాం. ఇంట్లో ఎవరికైనా? నాన్నకి ఒకప్పుడు ఉండేది. అంతే, లెక్క కుదిరిపోయింది. రెండు ఇన్‌హేలర్లు, పైన జబ్బు పేరు. లోపలికి వెళ్ళి బయటికి రావడానికి ఏడు నిమిషాలు పట్టింది. బయట ఎంతమంది కూర్చుని ఉన్నారో నేనూ చూశాను కాబట్టి ఆ ఏడు నిమిషాలని తప్పుపట్టను. ఏడు నిమిషాల్లో ఒక అనుమానం రాసుకోవచ్చు. నా గొడవల్లా అది అనుమానమని ఎక్కడా రాయకపోవడం గురించే.

నేను అకౌంట్స్ చూసే మనిషిని. మా దగ్గర వోచరు లేనిదే పద్దు పడదు. ఎంత నమ్మకస్తుడు చెప్పినా, ఎంత చిన్న మొత్తమైనా, కాగితం చూపించాలి. కాగితం ఇంకా రాకపోతే సస్పెన్స్ ఖాతాలో వేసి ఉంచుతాం, తేలాక అసలు ఖాతాకి మారుస్తాం. అమ్మ ఫైల్లో ఆ పద్దు మొదటిరోజే అసలు ఖాతాలో పడిపోయింది. ఇక దాన్ని కదిపినవాళ్ళు లేరు. మోకాళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తే ‘కే/సీ/ఓ సీఓపీడీ’ అని రాశారు. అంటే ఈమె తెలిసిన సీఓపీడీ రోగి అని. ఎవరికి తెలిసిన? ఎలా తెలిసిన? పన్ను పీకించుకోవడానికి వెళ్తే అక్కడా అదే. ఏడు నిమిషాల ఊహ మూడో కాగితానికల్లా వేదవాక్కయి కూర్చుంది.

ఆ ఇన్‌హేలర్ పంపులు వాడినా అమ్మకి గుణం కనిపించలేదు. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అమ్మనే కోప్పడ్డాను. నువ్వు సరిగ్గా పీల్చట్లేదన్నాను. పంపుకి తగిలించే బుడ్డిలాంటి గొట్టం, స్పేసర్, కొన్నాను. పక్కన నిలబడి పాఠం చెప్పాను: నొక్కగానే నిదానంగా లోపలికి పీల్చు, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టు, తర్వాత నోరు పుక్కిలించు. అమ్మ బడిపిల్లలా చేసేది. పదిదాకా ఎప్పుడూ వెళ్ళలేదు, నాలుగు దగ్గరే దగ్గుతెర వచ్చేది. ‘మళ్ళీ చెయ్యి’ అనేదాన్ని. నాలుక మీద తెల్లటి పూత వచ్చింది, గొంతు బొంగురుపోయింది. మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్తే డోసు పెంచారు. మందు పనిచేయకపోతే అమ్మ తప్పు కావాలి, కాకపోతే డోసు తప్పు కావాలి. రాసిన పేరే తప్పేమో అన్న ఆలోచన మాకూ రాలేదు, మీకూ రాలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఊరికే అన్నారా!

పద్నాలుగో నెలలో ధైర్యం చేసి ఆ డాక్టర్ గారినే అడిగాను, ఇది సీఓపీడీయేనని ఎలా తెలిసిందండీ అని. నెట్‌లో చదివొచ్చారా అన్నారు నవ్వుతూ. కోపంగా అనలేదు, పాపం. కానీ ఆ నవ్వుకి అమ్మ నా మోచెయ్యి పట్టుకుని లాగింది, ఊరుకోమని. బయటికొచ్చాక, ‘ఆయనకి కోపమొస్తే రేపు మనకి దిక్కెవరే?’ అంది. ఈ వాక్యం మీ గదిలో మీకెప్పుడూ వినపడదు, ఎప్పుడూ తలుపు అవతలే వినపడుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పెద్దవాళ్ళు మిమ్మల్ని ప్రశ్నించకపోవడానికి కారణం గౌరవమొక్కటే కాదు. భయం కూడా ఉంటుంది.

అడిగినందుకు ఒక మేలైతే జరిగింది, ఊదే పరీక్ష రాశారు. స్పైరోమెట్రీ. ఊపిరి కొలిచే ఆ సాధనాన్ని జాన్ హచిన్సన్ 1846లో లోకానికి చూపించాడు. సీఓపీడీ గురించి ప్రపంచమంతా అనుసరించే, ‘గోల్డ్’ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం నివేదిక 2001 నుంచి వస్తోంది. గొట్టాలు తెరుచుకునే మందు పీల్పించి, ఆ తర్వాత ఊదించి చూడాలనీ, మొదటి సెకనులో బయటికొచ్చిన గాలిని మొత్తం ఊదిన గాలితో భాగిస్తే 0.70 కంటే తక్కువ రావాలనీ, అప్పుడే ఆ పేరు పెట్టాలనీ దాని సారాంశం. మా భాషలో చెప్పాలంటే వోచరంటే అదే. పద్నాలుగు నెలలు పంపులు పీల్చాక ఆ వోచరు కోసం మొదటిసారి వెళ్ళాం.

ఆ పరీక్ష ఎలా జరిగిందో మీరెప్పుడైనా పక్కన నిలబడి చూశారో లేదో నాకు తెలియదు. నేను చూశాను. సాంకేతిక సహాయకుడు కుర్రవాడు, హడావిడిలో ఉన్నాడు. ఎత్తెంత అని అడిగాడు. అమ్మ తన పెళ్ళినాటి ఎత్తు చెప్పింది. ఇప్పుడావిడ నడుము వంగి, అప్పటికంటే ఎంతో పొట్టిగా అయిపోయింది. కొలవలేదు. ఎత్తునిబట్టే ‘ఈ మనిషి ఇంత ఊదాలి’ అన్న లెక్క వస్తుంది కదా, వెన్ను వంగినవాళ్ళకి రెండు చేతులూ బారచాచి ఆ పొడవు కొలవాలని కూడా ఉంది కదా. ముక్కుకి క్లిప్ పెట్టాడు. ‘ఊదండి ఊదండి ఊదండి’ అని అరిచాడు. అమ్మకి కట్టుడు పళ్ళు. గొట్టం చుట్టూ పెదాలు బిగుసుకోలేదు, గాలి పక్కల నుంచి పోయింది. రెండోసారి సగంలో దగ్గొచ్చింది. మూడోసారి ఆవిడ చెయ్యి ఊపేసింది, ఇక నావల్ల కాదని. రిపోర్టు మీద ‘పూర్ ఎఫర్ట్’ అని రాసిచ్చాడు. అంటే ప్రయత్నం సరిగా చేయలేదని. 76 ఏళ్ళు నిండిన మనిషి చెమటలు పట్టేదాకా ఊదితే దానికి దక్కిన బిరుదది. డాక్టర్ గారు ఆ కాగితం పక్కన పెట్టి, ‘ఈ వయసులో ఇవి సరిగా రావులెండి, అవే మందులు వాడండి’ అన్నారు.

పరీక్ష సరిగా రాలేదంటే జబ్బు తేలలేదని అర్థం. జబ్బు ఉన్నట్టు అర్థం ఎలా అవుతుంది? మా ఆఫీసులో ఎవరైనా ‘వోచరు చిరిగిపోయింది కాబట్టి పద్దు సరైనదే’ అంటే ఏమవుతుందో ఊహించుకోండి.

నాకు ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఆ 0.70 గీత కూడా ముసలివాళ్ళ విషయంలో జాగ్రత్తగా చూడాల్సిందే. వయసు పెరిగేకొద్దీ ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ ఆ నిష్పత్తి తగ్గుతూ వస్తుంది. అందుకే ఒకే గీతతో కొలిస్తే వృద్ధుల్లో లేని సీఓపీడీ ఉన్నట్టు కనిపించే ప్రమాదముందని ఆ నివేదికే ఒప్పుకుంటుంది. వయసు, ఎత్తులనిబట్టి మామూలు మనుషుల్లో ఉండే కింది హద్దు ఎక్కడుందో చూడమని మరికొందరు నిపుణులంటారు. మీలో మీకే ఇంత చర్చ ఉన్న చోట, మా కాగితం మీద మాత్రం అనుమానానికి చోటే లేనట్టు నాలుగు పెద్ద అక్షరాలు!

ఇది మా అమ్మ ఒక్కతి కథేమీ కాదు. కెనడాలో 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అంతకుముందు అయిదేళ్ళలో వైద్యులు ఆస్తమా అని తేల్చిన 613 మందిని వరసగా పరీక్షించి చూశారు. 203 మందికి, అంటే మూడోవంతు మందికి, అప్పటికి ఆస్తమా ఉన్నట్టు ఆధారమే దొరకలేదు. పన్నెండు మందికి గుండెకో ఊపిరితిత్తులకో సంబంధించిన వేరే తీవ్రమైన జబ్బులు బయటపడ్డాయి. మరీ ముఖ్యమైనదేమిటంటే, ఆధారం దొరకనివాళ్ళలో ఎక్కువమందికి మొదట్లో గాలి కొలిచే పరీక్ష చేయనేలేదు.

ఆయాసం అనే తలుపు వెనక ఎన్ని గదులుంటాయో మీకు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా నాకు తెలిశాక ఆశ్చర్యపోయినవి రెండు చెబుతాను. గ్లకోమాకి కంట్లో వేసుకునే టిమొలాల్ చుక్కలు కన్నీటి నాళం గుండా ముక్కులోకి, అక్కణ్ణుంచి రక్తంలోకి చేరి కొందరిలో పిల్లికూతలు తెప్పిస్తాయి. చూసేవాళ్ళకి అది అచ్చం ఉబ్బసంలాగే ఉంటుంది. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ జాతి మందులు కొందరికి నెలల తరబడి తగ్గని పొడిదగ్గు తెస్తాయి. గుండె బలహీనపడితే పడుకున్నప్పుడు ఆయాసం, రెండు మూడు తలగడలు పెట్టుకుంటే తప్ప నిద్రపట్టకపోవడం, పాదాల వాపు ఉంటాయని చాలామందికి తెలుసు. కానీ మీ గదిలో ఆ మూడూ అడిగినవాళ్ళు లేరు. అమ్మకి గుండె జబ్బు లేదు, నిజమే. అడగకుండానే లేదని ఎలా తెలిసిందన్నదే నా ప్రశ్న.

ఇక రెండో డాక్టర్ సంగతి. రెండేళ్ళు దాటాక, అమ్మకి తెలియకుండా నేనే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మొదటి ఆయనకి ద్రోహం చేస్తున్నట్టు అమ్మ దారి పొడుగునా మూతి ముడుచుకునే కూర్చుంది. ఈవిడ వయసులో చిన్నావిడ. ముందు ఫైలు తెరవలేదు, దాన్ని బల్ల చివరికి జరిపి, ‘మీరు చెప్పండమ్మా’ అంది. నేను నోరు తెరవబోతే, ‘మీరు తర్వాత’ అని ఆపింది. అప్పుడు తెలిసింది నాకు, రెండేళ్ళుగా ప్రతి గదిలోనూ అమ్మ బదులు జవాబులు చెప్పింది నేనేనని. అమ్మ చెప్పింది. ‘కూర్చుంటే ఏమీ ఉండదమ్మా. నడిస్తే ఎవరో కింది నుంచి సంచి బిగించినట్టుంటుంది. లోపలికి వచ్చేదే తక్కువ, బయటికి పోవడానికేముంది?’ ఆ మాట ఆవిడ యథాతథంగా రాసుకుంది. రెండేళ్ళలో అమ్మ మాట కాగితం మీదికెక్కడం అదే మొదలు.

తర్వాత అమ్మని అటు తిప్పి కూర్చోబెట్టి, వీపు మీద బట్ట పక్కకి జరిపి, కింది భాగంలో స్టెత్ పెట్టింది. ‘గట్టిగా ఊపిరి తీసుకోండి’ అంటూ అక్కడే చాలాసేపు ఉంది. ఎడమవైపు, కుడివైపు, మళ్ళీ ఎడమవైపు. తర్వాత ఇయర్‌పీసులు తీసి నా చెవులకి పెట్టింది. అమ్మ ఊపిరి తీసుకుంటున్న ప్రతిసారీ చివర్లో, చెప్పుల మీద వెల్క్రో పట్టీని మెల్లగా లాగితే వచ్చే చప్పుడు. చిరచిర, చిరచిర. ‘ఇది గొట్టాలు మూసుకుపోయినప్పటి చప్పుడు కాదండీ’ అంది. స్టెతస్కోపు కనిపెట్టిన లెనెక్ కాగితం గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నది 1816లో. రెండువందల ఏళ్ళు దాటిన విద్య. మా అమ్మ వీపు కింది భాగానికి చేరడానికి మాత్రం ఇంత కాలం పట్టింది.

వేలికి క్లిప్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 94 శాతం చూపించింది. ఆ అంకె చూసే ప్రతిచోటా తృప్తిపడ్డారు. ఈవిడ క్లిప్ తీయనివ్వకుండా వరండాలో నడిపించింది, తానూ పక్కన నడుస్తూ. ఆరు నిమిషాల నడక పరీక్ష ముందు ముందు సరిగ్గా చేయిస్తాననీ, ఇది ఊరికే తన కోసమనీ చెప్పింది. వరండా చివరికి వెళ్ళి తిరిగొచ్చేసరికి 85. అమ్మ గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఇంట్లో ఆవిడ రోజూ అలాగే గోడలు పట్టుకునేది. మేం మోకాళ్ళ నొప్పులనుకున్నాం.

మళ్ళీ ఊదే పరీక్ష. ఈసారి ఎత్తు కొలిచారు, చేతులు చాపించి కూడా కొలిచారు. చేసినావిడ అరవలేదు. ముందు తాను ఊది చూపించింది, మధ్యమధ్యలో విశ్రాంతి ఇచ్చింది, మూడుసార్లు ఒకదానికొకటి కలిసే ఊదులు వచ్చేదాకా ముప్పావుగంట ఓపిక పట్టింది. నిష్పత్తి 0.84 వచ్చింది. అంటే గొట్టాల్లో అడ్డు లేదు. కానీ మొత్తం ఊదిన గాలే ఉండాల్సినదాంట్లో 58 శాతం. ‘లోపలికి వచ్చేదే తక్కువ’ అని అమ్మ చెప్పిన మాటని యంత్రం అంకెల్లో రాసిచ్చింది. గాలి నుంచి రక్తంలోకి వాయువు ఎంత చేరుతోందో కొలిచే డీఎల్‌సీఓ పరీక్షలో ఇంకా తక్కువ. పలచటి పొరలుగా తీసే సీటీ స్కాన్ చేయించారు, బోర్లా పడుకోబెట్టి కూడా తీశారు. వెల్లకిలా పడుకున్నప్పుడు వీపువైపు కనిపించే నీడ నిజం మచ్చో, ఊపిరితిత్తి తన బరువుకి తానే అణిగిందో అలా తెలుస్తుందట. నీడ చెరగలేదు. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయి. ఫైబ్రోసిస్.

అంటే మేం ప్రశ్నించాం, జవాబు ముందున్నదానికంటే చెడ్డది వచ్చింది. ఇంతచేసీ ఇదా అని ఆ రాత్రి నాకూ అనిపించింది, అబద్ధం చెప్పను. సీఓపీడీయే అయ్యుంటే బాగుండేదని దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను. కానీ ఈ జబ్బులో పేరు తప్పితే మందే విషమవుతుంది. కారణం తెలియని ఫైబ్రోసిస్‌కి ఏళ్ళ తరబడి ప్రెడ్నిసోన్, అజాథయోప్రిన్, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ కలిపి ఇస్తూ వచ్చారు. ఆ మిశ్రమం వాడినవాళ్ళలో ఉత్తుత్తి మాత్రలు వాడినవాళ్ళకంటే మరణాలు, ఆసుపత్రిలో చేరడాలు ఎక్కువగా ఉన్నాయని 2012లో తేలింది. ఆ తర్వాత 2014 అక్టోబరులో పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అనే రెండు మందులకి అమెరికాలో ఒకే రోజున అనుమతి వచ్చింది. అవి గట్టిపడినదాన్ని మెత్తబరచవు గానీ, క్షీణతని నెమ్మదింపజేస్తాయి. పుండొకచోట మందొకచోట పెట్టుకుని అమ్మ పోగొట్టుకున్న రెండున్నరేళ్ళకి విలువ ఇప్పుడు మీరే కట్టండి.

ఆ డాక్టర్ అక్కడా ఆగలేదు. ‘కారణం తెలియనిది అని రాయాలంటే తెలిసిన కారణాలన్నీ ముందు కొట్టేయాలి’ అంది. ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇంట్లోగానీ పైకప్పు మీదగానీ పావురాలున్నాయా? ఈకల తలగడలా? గోడలకి బూజు పడుతుందా? వయసులో ఉండగా రాతి దుమ్ము, ఆస్బెస్టాస్ ఉన్నచోట పనిచేశారా? పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకుంటాయా? చలికి వేళ్ళు తెల్లబడతాయా? రక్తపరీక్షలు రాసింది. చివర్లో, ‘ఇంట్లో వాడుతున్న మందులన్నీ, ఆగిపోయినవి కూడా, సంచితో సహా తీసుకురండి. చీటీలు కాదు, మందులే’ అంది.

ఆ సంచి రెండున్నరేళ్ళుగా మాతోపాటు ప్రతి ఆసుపత్రికీ వచ్చింది, నా ఒళ్ళోనే కూర్చుంది. ఎవరూ తెరవమనలేదు. ఆవిడ బల్ల మీద బోర్లించింది. బీపీ మాత్రలు, కాల్షియం, కళ్ళ చుక్కలు, నాలుగు మాత్రలు మిగిలిన పాత పట్టీలు. వాటిల్లోంచి ఒకటి వేలితో పక్కకి తీసింది. నైట్రోఫురాంటోయిన్. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వస్తోందని, రాకుండా ఉండడానికి రోజూ రాత్రి ఒకటి వేసుకోమని ఎప్పుడో ఇంకో విభాగంలో రాసిచ్చింది. ‘ఎప్పటినుంచి వేస్తున్నారు?’ ఆయాసం మొదలవడానికి ఏడాది ముందు నుంచి. ‘ఎప్పటిదాకా వేయమన్నారు?’ ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. నెలలు, ఏళ్ళ తరబడి వాడితే ఆ మందు కొందరిలో, ముఖ్యంగా వయసు మళ్ళిన ఆడవాళ్ళలో, ఊపిరితిత్తుల్ని గట్టిపరుస్తుందట. అరుదే, కానీ వైద్యశాస్త్రానికి కొత్త విషయమేమీ కాదు. ఆ మందు కాగితంలోనే ఆ హెచ్చరిక ఉంది. రేడియాలజిస్టుతోనూ ఇంకొందరితోనూ కూర్చుని మాట్లాడాక, బహుశా ఇదే కారణమని చెప్పింది. ‘బహుశా’ అంది, గమనించండి. కాగితం మీద కూడా అలాగే రాసింది. రెండున్నరేళ్ళ ఫైల్లో నాకు అన్నిటికంటే నచ్చిన మాట అదే.

(ఇది చదివి ఎవరూ ఇంట్లో మాత్రలు ఆపేయకండి. ఆ మందు చాలామందికి చక్కగా పనిచేస్తుంది. మేం ఆపింది డాక్టర్ చెప్పాకే, మూత్రం సంగతికి వేరే దారి చూశాకే.)

మీలో కొందరికి ఇదంతా చదువుతుంటే చిరాకు పుట్టొచ్చు. ప్రతి దగ్గుకీ సీటీ తీయమంటారా, ప్రతి ఆయాసానికీ నలుగురం కూర్చోమంటారా అని. లేదండీ. నేనడిగేది ఖర్చులేనిది. జబ్బు పేరు రాసేటప్పుడు పక్కన అది దేని మీద నిలబడిందో రాయండి. ‘సీఓపీడీ, అనుమానం, ఊదే పరీక్ష కాలేదు’ అని ఒక్క ముక్క. లేదా ‘నిర్ధారణ, ఫలానా తేదీ పరీక్ష, నిష్పత్తి ఇంత’ అని. తర్వాత చూసే మోకాళ్ళ డాక్టర్‌కి, పళ్ళ డాక్టర్‌కి, అర్ధరాత్రి అత్యవసర విభాగంలో ఉండే కుర్ర డాక్టర్‌కి ఆ ఒక్క ముక్క తేడా చూపిస్తుంది. మందిచ్చి మూడు నెలలైనా గుణం లేకపోతే రోగి పీల్చే తీరు సరిచూడండి, సరిచూడాల్సిందే. కానీ అదే రోజు మీ పేరుని కూడా ఒకసారి సరిచూసుకోండి. ఇంకొకటి, సంచి బోర్లించండి. అది ఏడు నిమిషాల్లోనూ పట్టే పనే.

మరో వైద్యుణ్ణి అడగడం మిమ్మల్ని అవమానించడమని మా పెద్దవాళ్ళు నిజంగానే అనుకుంటారు. 1981లో లిస్బన్‌లో ప్రపంచ వైద్య సంఘం రోగుల హక్కుల మీద చేసిన, తర్వాత సవరించుకుంటూ వచ్చిన ప్రకటనలో, చికిత్స ఏ దశలో ఉన్నా ఇంకో వైద్యుడి అభిప్రాయం అడిగే హక్కు రోగికి ఉందని ఉంది. ఆ సంఘం మీదే, మాది కాదు. ఆ మాట మీ నోటి నుంచే ముందు వస్తే? ‘మీకు సందేహముంటే ఇంకొకరికి చూపించుకోండి, కాగితాలన్నీ నేనిస్తాను’ అని మీరే అంటే, మా అమ్మలాంటివాళ్ళు కూతురి మోచెయ్యి పట్టుకుని లాగాల్సిన అవసరం ఉండదు.

చివరగా ఒక కష్టమైన సంగతి. ఫైబ్రోసిస్ అని తేలిన రోజు ఒకాయన నన్ను పక్కకి పిలిచి, ‘ఆవిడకి చెప్పకండి, బెంగ పెట్టుకుంటుంది’ అన్నారు. ప్రేమతోనే అన్నారు. నేనూ రెండు వారాలు దాచాను. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ మంచం మీద కూర్చుని కిటికీలోకి చూస్తూ, ‘నా ఊపిరితిత్తుల గురించి ఈ ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట’ అంది. చెప్పేశాను. ఏడవలేదు. చాలాసేపు ఆలోచించి, ‘అయితే ఆ పంపు నేను సరిగ్గానే పీల్చానన్నమాట’ అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ మాత్ర ఆపి పది నెలలైంది. దగ్గు బాగా తగ్గింది. ఊదే పరీక్షలో 58 కాస్తా 64 అయింది. ఏర్పడిన మచ్చలు పోలేదు, పోవని చెప్పారు. మేడ మెట్లు ఎక్కదు గానీ, వరండా చివరిదాకా గోడ పట్టుకోకుండా వెళ్ళొస్తుంది. మూడు నెలలకోసారి చూపిస్తున్నాం.

పోయిన నెల కళ్ళ పరీక్షకి తీసుకెళ్ళాను. అక్కడి అమ్మాయి పాత ఫైలు చూసి కొత్త కాగితం నింపి చేతికిచ్చింది. రెండో వరసలో, ‘కే/సీ/ఓ సీఓపీడీ’. నేను చూడకముందే అమ్మ చూసింది. కళ్ళజోడు సర్దుకుని, కౌంటర్ దగ్గరికి వెళ్ళి, ‘అమ్మాయ్, ఒకసారి పెన్నివ్వు’ అంది.

ఇట్లు
ఒక కూతురు